అవ్వకు యాది తప్పుతోందా..? గోలీ కోసం పరిగెత్తే ముందు ఇవి చూడండి.. పాలమూరు, నల్గొండ పల్లెల్లో అసలు చిక్కు ఎక్కడుందంటే!

పింఛన్ పైసలు తెచ్చుకున్న అవ్వ నోట్లను మూడుసార్లు లెక్కపెట్టి, మళ్లీ మనవరాలి చేతికే ఇస్తుంది. పొద్దున చెప్పిన ముచ్చటనే మాపటికి మొదటి నుంచి మళ్లీ చెప్తుంది. తాళంచెవి కొంగుకే ఉంటుంది, ఇల్లంతా వెతుకుతుంది. ఇంట్లోవాళ్లు "ముసలితనం గదా.. గట్లనే ఉంటది" అని ఊరుకుంటారు. లేదంటే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఓ "మైండ్ టానిక్" తీసుకొస్తారు. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లోని చాలా ఇళ్లలో జరిగేది ఈ రెండింట్లో ఒకటే.

నిజానికి ఈ రెండింటికీ మధ్య ఇంకో దారి ఉంది. గోలీ, సూది లేకుండా మతిమరుపును నెమ్మదింపజేసే పద్ధతులపై ప్రపంచవ్యాప్తంగా పెద్ద పెద్ద అధ్యయనాలు జరిగాయి. వాటి ఫలితాలు కొంత ఆశ పుట్టించేలానే ఉన్నాయి. కానీ అవన్నీ చదువుకున్నవాళ్లు, నడవగలిగేవాళ్లు, పక్కన మనిషి ఉన్నవాళ్ల కోసం తయారైన పద్ధతులు. మరి సంతకం రాని అవ్వకు, ఫ్లోరైడ్‌తో నడుము వంగిన తాతకు, కొడుకులంతా వలసపోయిన ఇంటికి అవి ఎంతవరకు పనికొస్తాయి? ఇప్పుడు చూడాల్సింది అదే.

ఇది డిమెన్షియా కాదు.. దాని ముందు మెట్టు

వయసుతో వచ్చే మామూలు మరుపు ఒకటి. తన ఇల్లు ఏదో, తన బిడ్డ ఎవరో కూడా తెలియని డిమెన్షియా స్థితి ఇంకొకటి. ఈ రెండింటి మధ్య ఉండే దశనే డాక్టర్లు మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ అంటారు. పొట్టిగా ఎంసీఐ. జ్ఞాపకశక్తి తగ్గిందని పరీక్షలో తేలుతుంది, ఇంట్లోవాళ్లకూ తెలుస్తూనే ఉంటుంది. కానీ మనిషి తన పనులు తాను చేసుకోగలుగుతాడు. వంట చేస్తుంది, దుకాణానికి పోయి వస్తుంది. కాకపోతే ఒకప్పుడు చిటికెలో అయ్యే పనికి ఇప్పుడు కాస్త తడబాటు.

దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లపై జరిగిన లాసీ-డాడ్ అనే జాతీయ అధ్యయనం లెక్క ప్రకారం ఈ స్వల్ప లోపం దాదాపు 17 నుంచి 18 శాతం మందిలో ఉంది. డిమెన్షియా ఉన్నవాళ్లు 7 శాతం పైచిలుకు. అంటే ఊళ్లో వంద మంది పెద్దమనుషులు ఉంటే అందులో పదిహేడు, పద్దెనిమిది మంది ఈ మధ్య దశలో ఉండొచ్చన్నమాట. వాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు అంటే.. ఆ ప్రశ్నకు జవాబు అందరికీ తెలిసిందే.

ఇక్కడ భయపడాల్సిన పని లేదు, అలాగని పక్కన పెట్టేసే విషయమూ కాదు. ఎంసీఐ ఉన్న ప్రతి ఒక్కరూ డిమెన్షియాలోకి జారిపోరు. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, 65 దాటిన ఎంసీఐ బాధితుల్లో రెండేళ్లలో డిమెన్షియాకు చేరేది సుమారు 15 శాతం మంది. కొందరు అలాగే నిలకడగా ఉంటారు. కొందరైతే మళ్లీ మామూలు స్థితికి వస్తారు కూడా. అంటే ఇది ఇంకా ఏదో ఒకటి చేయడానికి వీలున్న సమయం.

మరి గోలీ ఏదీ లేదా?

ఎంసీఐని తగ్గిస్తుందని గట్టిగా రుజువైన మామూలు మందు ఇప్పటిదాకా లేదు. అల్జీమర్స్‌కు ఇచ్చే పాత మందులు ఈ దశలో పెద్దగా పనిచేస్తాయని ఆధారాలు లేవని అదే 2018 మార్గదర్శకాలు తేల్చాయి. లెకానెమాబ్, డొనానెమాబ్ అనే కొత్త ఇంజెక్షన్లకు అమెరికాలో 2023, 2024లో అనుమతి వచ్చింది. అవి అల్జీమర్స్ వల్లే మతిమరుపు వచ్చిందని పరీక్షల్లో తేలినవాళ్లకు మాత్రమే. పైగా మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ముప్పు ఉండటంతో మళ్లీ మళ్లీ ఎంఆర్ఐ తీయాలి. అచ్చంపేట, దేవరకొండ వైపు నుంచి మాటిమాటికీ ఎంఆర్ఐకి పోవడం ఎంతమందికి సాధ్యమో చెప్పక్కర్లేదు.

ఇక మెడికల్ షాపుల్లో దొరికే జ్ఞాపకశక్తి క్యాప్సూల్స్ సంగతి. వాటిలో చాలావాటిలో కనిపించే గింకో అనే మొక్క సారంపై అమెరికాలో 3 వేల మందికి పైగా వృద్ధులతో పెద్ద పరీక్ష జరిగింది. 2008లో ఫలితం వచ్చింది. డిమెన్షియా రాకుండా అది ఆపలేదు. విటమిన్ బి, విటమిన్ ఇ, చేపనూనె గోలీలను కేవలం మతిమరుపు రాకుండా ఉండేందుకు వాడమని చెప్పొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే స్పష్టంగా చెప్పింది. ఒంట్లో బీ12 నిజంగా తక్కువుంటే వేరే మాట. అప్పుడు అది లోపానికి చికిత్స. ఉత్తి అనుమానంతో నెలకు వందల రూపాయల టానిక్ తాగించడం మాత్రం పింఛన్ పైసలకు బొక్క పెట్టుకోవడమే.

ముందు మానాల్సింది మానాలి.. కల్లు సంగతేంటి?

మందు లేని చికిత్స అనగానే అందరూ యోగా, ధ్యానం, పజిల్స్ అంటారు. కానీ ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లో మొదట అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. పెద్దమనిషి ఒంట్లోకి ఇప్పటికే ఏమేం పోతున్నాయి?

దక్షిణ తెలంగాణ పల్లెల్లో కల్లు తాగడం పెద్దవాళ్లకు తరాల అలవాటు. చెట్టు మీంచి దించిన స్వచ్ఛమైన కల్లు సంగతి వేరు. సీసాల్లో పోసి అమ్మే కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతున్నారని ఎక్సైజ్ అధికారులు ఏళ్ల తరబడి పట్టుకుంటూనే ఉన్నారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయిన ఘటన ఇంకా గుర్తుండే ఉంటుంది. ఆల్ప్రాజోలం, డైజిపామ్ నిద్ర, ఆందోళనకు వాడే మందులు. కొత్తగా జరిగింది మెదడులో నిలవకుండా చేయడం వీటి గుణం. మతి తగ్గిన వృద్ధులకు ఈ రకం గోలీలు ఇవ్వొద్దని వృద్ధాప్య వైద్య నిపుణులు తయారుచేసే జాబితాల్లో స్పష్టంగా ఉంటుంది. అలాంటిది రోజూ సాయంత్రం ఎంత మోతాదో తెలియకుండా సీసాలో తాగుతుంటే? మనిషికి యాది తప్పుతున్నది జబ్బుతోనా, సీసాతోనా అన్నది తేల్చకుండా మిగతా చికిత్సలన్నీ దండగ.

అయితే ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త. కల్తీ కల్లుకు అలవాటైన మనిషికి దాన్ని ఒక్కసారిగా బంద్ చేస్తే ప్రమాదం. చేతులు వణకడం, పిచ్చిగా ప్రవర్తించడం, ఫిట్స్ రావడం జరుగుతాయి. 2015 సెప్టెంబరులో కల్లు దుకాణాలపై దాడులు జరిగినప్పుడు నిజామాబాద్ జిల్లాలో జనం ఇలాగే ఆసుపత్రులకు క్యూ కట్టారు. కాబట్టి ఇంట్లోవాళ్లు కోపంతో సీసా గుంజుకోవడం కాదు, డాక్టర్ చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి. నిద్ర గోలీలకూ ఇదే వర్తిస్తుంది. జలుబుకు, దురదకు వాడే కొన్ని పాతరకం గోలీలు కూడా పెద్దవాళ్లలో మతిని మందగింపజేస్తాయి. ఇంట్లో డబ్బాలో ఉన్న గోలీలన్నీ ఓసారి డాక్టర్‌కు చూపిస్తే సగం సంగతి అక్కడే బయటపడొచ్చు.

థైరాయిడ్, బీ12, షుగర్, రక్తహీనత పరీక్షలు చేయించాలి. మనసులో దిగులు కూడా చూడాలి. భర్త పోయాక మాట తగ్గించిన అవ్వను "మతి పోయింది" అనేస్తారు. అది డిప్రెషన్ కావచ్చు, దానికి చికిత్స ఉంది.

రోజంతా చేన్లో ఉండే మనిషికి వ్యాయామమా?

మందులు లేని పద్ధతుల్లో అన్నింటికంటే బలమైన ఆధారాలు ఉన్నది వ్యాయామానికే. ఎంసీఐ ఉన్నవాళ్లు వారానికి కనీసం రెండుసార్లు వ్యాయామం చేయాలని అమెరికా న్యూరాలజీ మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఈ మాట పల్లెలో చెబితే నవ్వుతారు. "పొద్దున లేచి పత్తి ఏరవోతం, గడ్డి కోస్తం.. ఇంకేం వ్యాయామం?" అంటారు. అందులో న్యాయం ఉంది. కూలికి, ఉపాధి హామీ పనికి పోయే 65 ఏళ్ల మనిషికి నగరంలో పార్కులో నడిచేవాళ్ల కంటే కదలిక ఎక్కువే. సమస్య ఆ పని ఆగిన రోజు మొదలవుతుంది. మోకాళ్లు పోయి, లేదంటే ఓసారి కిందపడి తుంటి విరిగి, మనిషి అరుగు మీదికి చేరతాడు. పొద్దంతా అక్కడే. నలభై ఏళ్లు ఒళ్లు వంచిన మనిషి నెల తిరిగేలోపు పూర్తిగా కదలిక లేని మనిషి అవుతాడు. పలకరించేవాళ్లు కూడా తగ్గిపోతారు.

నల్గొండ వైపు దీనికి ఇంకో చిక్కు తోడైంది. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంతా "నల్గొండ టెక్నిక్" అని పేరు పడిందంటే ఇక్కడి కష్టం ఎంతటిదో అర్థమవుతుంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ప్రాంతాల్లో దశాబ్దాల పాటు బోరునీళ్లు తాగిన తరానికి ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాయి, పిల్లలకు అది ఊరటే. కానీ ముసలివాళ్ల ఎముకల్లో గట్టిపడ్డ ఫ్లోరైడ్ వెనక్కి పోదు. నడుము వంగదు, మెడ తిరగదు, మోకాలు ముడవదు. అలాంటి మనిషికి "రోజూ అరగంట చురుగ్గా నడవండి" అని చీటీ రాసిచ్చి పంపితే ఏం లాభం?

అందుకే అమెరికాలో జరిగిన ఎగ్జర్ట్ అనే అధ్యయనం ఇక్కడివాళ్లకు చాలా ముఖ్యం. ఎంసీఐ ఉండి, పెద్దగా కదలిక లేని దాదాపు 300 మంది వృద్ధులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు గుండె వేగం పెరిగే గట్టి వ్యాయామం. రెండో గుంపుకు ఉత్తి ఒళ్లు సాగదీయడం, నిలకడగా నిలబడటం లాంటి తేలిక కసరత్తులు. వారానికి నాలుగుసార్లు, ఒక్కోసారి అరగంట నుంచి ముప్పావుగంట. మొదటి ఏడాదంతా పక్కన ట్రైనర్ ఉండి చేయించారు. గట్టి వ్యాయామం గుంపే గెలుస్తుందని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే ఏడాది తర్వాత రెండు గుంపుల్లోనూ జ్ఞాపకశక్తి పెద్దగా తగ్గలేదు. ఇలాంటి స్థితిలో ఉండి ఏ వ్యాయామమూ చేయని వేరేవాళ్ల లెక్కలతో పోల్చితే ఇద్దరూ మెరుగ్గానే ఉన్నారు. వ్యాయామమే చేయని గుంపు ఈ అధ్యయనంలోనే లేదు కాబట్టి ఇది పక్కా రుజువు అనలేం. అయినా తేల్చి పారేసే ఫలితం మాత్రం కాదు.

దీని అర్థం ఏంటంటే, చురుగ్గా నడవలేని మనిషికి కూడా దారి మూసుకుపోలేదు. కుర్చీలో కూర్చుని చేతులు లేపడం, గోడ పట్టుకుని లేచి కూర్చోవడం, పాదాలు కదపడం కూడా లెక్కలోకి వస్తాయి. ఫిజియోథెరపిస్టు ఓసారి చూసి ఏది చేయొచ్చో, ఏది చేయొద్దో చెబితే చాలు. ఫ్లోరోసిస్‌తో వెన్ను బిగుసుకున్నవాళ్లు ఎవరో చెప్పారని బలవంతంగా ఆసనాలు వేయడం మాత్రం మంచిది కాదు.

రెండు గుంపుల్లోనూ ఉన్నది ఒక్కటే.. పక్కన మనిషి!

ఎగ్జర్ట్‌లో రెండు గుంపులకూ సమానంగా దొరికింది ఇంకోటి ఉంది. వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి బయటికి రావడం, ఓ మనిషి పేరు పెట్టి పిలవడం, నలుగురితో కలవడం. అప్పట్లో కొవిడ్ కూడా ఉంది, బయటి ప్రపంచంలో ముసలివాళ్లు ఇళ్లలో మగ్గిపోయారు. అసలు మేలు చేసింది కసరత్తా, ఈ కలయికా అన్న ప్రశ్న అక్కడి పరిశోధకుల్లోనూ ఉంది.

2025 జూలైలో వచ్చిన యూఎస్ పాయింటర్ ఫలితాలు కూడా దాదాపు ఇటే వేలు చూపిస్తున్నాయి. ఇందులో 60 నుంచి 79 ఏళ్ల 2,111 మంది ఉన్నారు. వీళ్లకు ఇంకా ఎంసీఐ రాలేదు, వచ్చే ముప్పు ఉన్నవాళ్లు. వ్యాయామం, తిండి, మెదడుకు పని, బీపీ-షుగర్ లెక్కలు.. ఈ నాలుగూ రెండు గుంపులకూ చెప్పారు. ఒక గుంపుకు రెండేళ్లలో 38 సార్లు సమావేశాలు పెట్టి, పనులు అప్పగించి, జరుగుతోందో లేదో చూశారు. రెండో గుంపును ఆరుసార్లే పిలిచి, మీకు నచ్చినట్టు చేసుకోండన్నారు. ఇద్దరూ మెరుగయ్యారు. కానీ వెంటబడి చేయించిన గుంపు ఇంకాస్త ఎక్కువ మెరుగైంది. పదేళ్ల కింద ఫిన్లాండ్‌లో 1,260 మందితో జరిగిన ఫింగర్ అధ్యయనానికి ఇది పెద్ద రూపం. అప్పుడూ ఇదే తరహా ఫలితం వచ్చింది.

అంటే ఈ చికిత్సలో మోతాదు గోలీలో లేదు, వెంట ఉండే మనిషిలో ఉంది. పాలమూరులో దొరకనిది సరిగ్గా అదే. పాలమూరు లేబర్ పేరు దేశంలో ప్రాజెక్టులు కట్టిన ప్రతిచోటా వినిపించింది. బొంబాయి, పుణె బస్సులు నిండి పోయేవి. ఎత్తిపోతల నీళ్లు వచ్చాక కొన్నిచోట్ల వలస తగ్గింది. అయినా చదువుకున్న తరం హైదరాబాద్‌లో, మిగిలినవాళ్లు కట్టుబడి పనుల్లో.. పల్లెలో ముసలి ఇద్దరు, ఒక్కోచోట ఒక్కరే. కొడుకు రోజూ ఫోన్ చేస్తాడు. "మంచిగున్నవా నాయినా?" అంటే "మంచిగనే ఉన్న బిడ్డా" అంటాడు. రెండు నిమిషాల ఫోన్‌లో మతిమరుపు బయటపడదు. దసరాకు ఇంటికొచ్చి నాలుగు రోజులున్నప్పుడు తెలుస్తుంది.

చదువు రాని అవ్వకు పరీక్ష ఎట్లా?

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55.04 శాతం, నల్గొండది 64.20 శాతం. అన్ని వయసులూ కలిపితేనే ఇది. అప్పటికే యాభై, అరవై దాటిన ఆడవాళ్లను విడిగా చూస్తే ఇంకెంత తక్కువో ఊహించొచ్చు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో మాత్రం బొమ్మ గీయండి, వాక్యం రాయండి, వంద నుంచి ఏడేడు తీసేయండి అని ఉంటుంది. పెన్ను పట్టని చేతికి ఆ పరీక్ష పెడితే తప్పు లెక్క వస్తుంది. మంచిగున్న మనిషికి జబ్బు అంటగట్టినట్టూ అవుతుంది, జబ్బున్న మనిషిని "చదువు రాదు కదా, అందుకే" అని వదిలేసినట్టూ అవుతుంది.

దీన్ని సరిచేసే పని మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి ఐదు భాషల్లో తయారుచేయించిన పరీక్షల పెట్టెలో తెలుగు కూడా ఉంది. కానీ దేవరకొండ తండాలో అవ్వకు ఇంటి భాష లంబాడీ. నారాయణపేటలో కన్నడ, మరాఠీ, ఉర్దూ మాట్లాడే ఇళ్లు ఉన్నాయి. గద్వాల వైపు కన్నడం కలుస్తుంది. పరీక్ష ఏ భాషలో పెట్టామన్నది కూడా చూడాలి.

భాషల మాట వచ్చింది కాబట్టి మన గడ్డ మీద జరిగిన ఒక అధ్యయనం చెప్పుకోవాల్సిందే. హైదరాబాద్ నిమ్స్‌లో న్యూరాలజిస్ట్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించింది. 2013లో ఫలితం ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఒకే భాష వచ్చినవాళ్ల కంటే డిమెన్షియా నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. అసలు బడికే పోనివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడటం ఇక్కడ ఎవరూ గొప్ప అనుకోరు. అంగడిలో బేరం ఆడుతూ నేర్చుకున్న భాష అది. అలాంటి సంగతిని ప్రపంచమంతా చర్చించింది. అయితే అరవై ఐదేళ్లకు కొత్త భాష నేర్చుకుంటే మతిమరుపు ఆగుతుందని ఈ అధ్యయనం చెప్పలేదు. వాట్సాప్‌లో అలా తిప్పేవాళ్లను నమ్మొద్దు. మెదడుకు జీవితమంతా పని ఉండటం మేలు చేస్తుందని, ఆ పనికి బడి ఒక్కటే దారి కాదని మాత్రం దీన్నుంచి అర్థం చేసుకోవచ్చు.

మెదడుకు పని పెట్టడమంటే ఫోన్‌లో యాప్ వేసుకోవడమే అనుకుంటే పల్లె అవ్వకు అది అందదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఎంసీఐ ఉన్నవాళ్లకు మెదడు శిక్షణ ఇవ్వొచ్చంటూనే ఆధారాలు బలహీనమని ఒప్పుకుంది. చెన్నైలో స్కార్ఫ్ అనే సంస్థ ఇంగ్లండ్‌లో పుట్టిన ఒక గ్రూపు చికిత్సను తమిళానికి మలుచుకుంది. వారానికి రెండుసార్లు, మొత్తం 14 సార్లు కూర్చోబెట్టి పాటలు, తిండి, చిన్నప్పటి ముచ్చట్లు, బొమ్మల మీద మాట్లాడిస్తారు. అది ఎంసీఐ కంటే ముదిరిన, తేలిక నుంచి మధ్యస్థ డిమెన్షియా వాళ్ల కోసం. అందులో అక్షరం రాయాల్సిన పని పెద్దగా లేదన్నదే ఇక్కడ గమనించాల్సింది.

మన ఊళ్లలో అష్టాచెమ్మ, పచ్చీసు, పులి-మేక ఉన్నాయి. లెక్క, ఎత్తు, గుర్తు మూడూ కావాలి వాటికి. చిరుతల రామాయణంలో పాత్ర కట్టిన తాతకు పేజీల కొద్దీ మాటలు నోటికి వస్తాయి. కోలాటం, భజన, బతుకమ్మ పాట.. అడుగు, తాళం, మాట ఒక్కసారే కలవాలి. ఇవి ఎంసీఐని తగ్గిస్తాయని చెప్పడం లేదు. కానీ కదలిక, మెదడుకు పని, నలుగురి కలయిక.. ఆ విదేశీ అధ్యయనాల్లో కష్టపడి జతచేసినవన్నీ ఇందులో ముందే ఉన్నాయి. పోయినసారి బతుకమ్మకు ముందు నిలబడి పాడిన అవ్వను ఈసారి "నీకు యాది ఉండదులే" అని అరుగు మీద కూర్చోబెట్టడం మాత్రం ఆమెకు చేసే మేలు కాదు.

కళ్లకు వెలుగొచ్చింది.. మరి చెవులు?

డిమెన్షియాకు దారితీసే, మార్చుకోగలిగిన 14 కారణాలను లాన్సెట్ కమిషన్ 2024లో ప్రకటించింది. వీటన్నింటినీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపొచ్చు, లేదా వెనక్కి నెట్టొచ్చని అంచనా. ఈసారి కొత్తగా చేరిన వాటిలో చూపు తగ్గడం ఒకటి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు కింద తొలి విడతలోనే కోటిన్నర మందికి పైగా కళ్లు చూశారు, లక్షల అద్దాలు ఇచ్చారు. మతిమరుపు కోసం పెట్టిన పథకం కాదది. అయినా ఈ లెక్కలో చూస్తే మందు లేని చికిత్సలో ఇంత పెద్దఎత్తున జరిగింది ఇంకోటి లేదు.

చెవులకు అలాంటిది రాలేదు. వినపడని మనిషి మెల్లగా మాటల్లోంచి తప్పుకుంటాడు. అడిగిందానికి వేరే జవాబు చెప్తాడు. "మతి పోయింది" అంటారు, నిజానికి పోయింది వినికిడి. 2023లో వచ్చిన అచీవ్ అధ్యయనంలో 70 దాటిన 977 మందిని మూడేళ్లు చూశారు. మొత్తం మీద వినికిడి యంత్రంతో పెద్ద తేడా రాలేదు. కానీ మతిమరుపు ముప్పు ముందే ఎక్కువగా ఉన్న గుంపులో జ్ఞాపకశక్తి తగ్గే వేగం 48 శాతం తగ్గింది. పేద వృద్ధులకు వినికిడి యంత్రాలు, కళ్లద్దాలు, చేతికర్రలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజనను కేంద్రం 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ప్రారంభించింది. క్యాంపు పెట్టినప్పుడు పోతే దొరుకుతుంది. యంత్రం ఇచ్చాక చెవికి ఎట్లా పెట్టుకోవాలో, బ్యాటరీ ఎక్కడ మార్చాలో చెప్పేవాళ్లు లేకపోతే అది గూట్లోనే ఉండిపోతుంది. మళ్లీ అదే, పక్కన మనిషి సమస్య.

ఆశా కార్యకర్త చేతిలో రెండు ప్రశ్నలు పెడితే?

డాక్టర్లు లేని చోట ఏం చేయాలో చైనా పల్లెలు కొంత చూపించాయి. 326 ఊళ్లలో దాదాపు 34 వేల మంది బీపీ బాధితులతో జరిగిన అధ్యయనం 2025లో వచ్చింది. సగం ఊళ్లలో పెద్ద డిగ్రీ లేని ఊరి వైద్యులకే శిక్షణ ఇచ్చి, బీపీ గట్టిగా అదుపులో పెట్టించారు. నాలుగేళ్లలో ఆ ఊళ్లలో డిమెన్షియా 15 శాతం తక్కువగా వచ్చింది. బీపీ గోలీ వేస్తారు కాబట్టి దీన్ని మందు లేని చికిత్స అనలేం. కానీ నడిపించింది ఊళ్లో ఉండే మనిషి. వెంటబడి అడిగేది, గోలీ వేసుకున్నావా అని చూసేది ఆమెనో, అతనో.

మన దగ్గర ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు బీపీ, షుగర్ కోసం ఇంటింటికీ తిరుగుతూనే ఉన్నారు. అదే గడపలో ఇంకో రెండు ప్రశ్నలు అడిగితే చాలు. ఈ ఏడాదిలో పెద్దమనిషి మరుపు పెరిగిందా? వినపడుతోందా? పని భారం ఇప్పటికే ఎక్కువ, దానికి తగ్గ పైసలు ఇవ్వకుండా మరో రిజిస్టర్ చేతిలో పెడితే అది కాగితం మీదే ఉంటుంది. పక్కనే ఉన్న కర్ణాటక 2022లో నిమ్హాన్స్‌తో కలిసి బ్రెయిన్ హెల్త్ కార్యక్రమం మొదలుపెట్టింది. సువర్ణ అల్లాడి నిమ్స్ తర్వాత వెళ్లింది కూడా ఆ నిమ్హాన్స్‌కే. సరిహద్దుకు ఇవతల గద్వాల, నారాయణపేట వాళ్లకు అలాంటిది ఎందుకు ఉండకూడదని అడగడంలో తప్పు లేదు. పల్లెల్లో రైతు వేదికలు కట్టారు, చాలా రోజులు ఖాళీగానే ఉంటాయి. వారానికి రెండు పూటలు పెద్దవాళ్ల కోసం తాళం తీస్తే బిల్డింగ్ ఖర్చు కూడా ఉండదు.

ఇప్పటికిప్పుడు ఎక్కడికి పోవాలంటే.. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటికి అనుబంధంగా ఉన్న జనరల్ ఆసుపత్రిలో ముందు జనరల్ మెడిసిన్ లేదా మానసిక వైద్య విభాగంలో చూపించొచ్చు. యాదాద్రి భువనగిరి వైపు వాళ్లకు బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర. అవసరమైతే అక్కడినుంచి నిమ్స్ న్యూరాలజీకి. మనసు దిగులు, కల్లు-నిద్రగోలీల అలవాటు గురించి ఫోన్‌లో అడగాలంటే టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ల ఇబ్బందులకు ఎల్డర్ లైన్ 14567.

ఆసుపత్రికి పోయేటప్పుడు రెండు పనులు మరవొద్దు. ఇంట్లో ఉన్న గోలీ పట్టీలన్నీ, ఆర్‌ఎంపీ ఇచ్చినవి కూడా, ఓ సంచిలో వేసుకుని పోవాలి. రోజూ ఏం తాగుతున్నారో దాచకుండా చెప్పాలి. ఇక వెంట పోవాల్సింది నిన్న రాత్రే హైదరాబాద్ నుంచి దిగిన కొడుకు ఒక్కడే కాదు.. రోజూ అవ్వను చూసే కోడలో, పక్కింటామెనో కూడా ఉండాలి. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న "ఎప్పటినుంచి ఇట్లా ఉంది?" అని. దానికి జవాబు వాళ్ల దగ్గరే ఉంటుంది.